పాత ఇంటిని చదువుదాం

హైదరాబాదు నుంచి బీజాపూరు వైపు పోయే రోడ్డు మీద మొయినాబాదు, చేవెళ్ల ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. దారికి రెండు పక్కలా ఊడలు దిగిన పెద్ద పెద్ద మర్రిచెట్లు మీరు చూసే ఉంటారు. ఆ రోడ్డు వదిలి ఊరి లోపలికి, పాత బజారు వైపు నాలుగడుగులు వేయండి. కొత్త డాబాల మధ్య అక్కడక్కడ ఒక పాత పెంకుటిల్లు కనిపిస్తుంది. ముందు ఎత్తైన అరుగులు, చెక్కడపు పని చేసిన దర్వాజ, లోపల నడిమధ్య ఆకాశం కనిపించే వాకిలి. దీన్నే మన వైపు భవంతి అంటారు. కోస్తా జిల్లాలవాళ్లు మండువా లోగిలి అంటారు.

మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు అలాంటి ఇంట్లోకి అడుగు పెడితే ఒళ్లు చల్లబడుతుంది. అక్కడ ఫ్యాను కూడా లేకపోవచ్చు. పక్కనే ఉన్న స్లాబు ఇంట్లో మాత్రం ఫ్యాను తిరుగుతున్నా వేడిగాలే కొడుతుంది. ఎందుకని?

"పాతకాలం ఇల్లు కదా, అంతే!" అంటే అది జవాబు కాదు. పాతది కావడం వల్ల ఏ వస్తువూ చల్లబడదు. ఆ చల్లదనానికి కారణాలున్నాయి. అవి మీ భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం పుస్తకాల్లో ఉన్నవే. ఆ ఇంటిని ఒక పుస్తకంలా పేజీ తరువాత పేజీ తిప్పి చదువుదాం రండి.

ఇంటికింద మూడు యుగాలు

ముందుగా పునాది. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతం భూగర్భశాస్త్రం దృష్టిలో ఎంతో ఆసక్తికరమైనది. మొయినాబాదు, హైదరాబాదు వైపు నేల గ్రానైటు రాయి. దాని వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. చేవెళ్ల దాటి వికారాబాదు వైపు సాగేకొద్దీ నల్లని బసాల్టు రాయి, దానిపై నల్లరేగడి నేల కనిపిస్తాయి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టగా ఏర్పడిన రాయి ఇది. దక్కను పీఠభూమిలో చాలా భాగాన్ని కప్పింది ఇదే. ఇంకా పడమరకు, తాండూరుకు పోతే సున్నపురాయి పలకలు దొరుకుతాయి. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న మెత్తటి బురదే అలా రాయిగా మారింది.

ఇప్పుడు మన ఇంటిని చూడండి. పునాదిలో గ్రానైటు బండలు. నేల మీద పరిచినవి తాండూరు బండలో, షాబాదు బండలో. గోడల మీది సున్నం కూడా సున్నపురాయిని కాల్చగా వచ్చినదే. పొలాల్లో నల్లరాయి దొరికే ఊళ్లలో ప్రహరీ గోడకు అదే రాయి. అంటే కోట్ల సంవత్సరాల తేడాతో పుట్టిన రాళ్లు ఒకే ఇంట్లో పక్కపక్కన కూర్చున్నాయన్నమాట!

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. చేవెళ్ల పక్కన షాబాదు అనే మండలం ఉంది. షాబాదు బండలు అక్కడివే అనుకుంటారు చాలామంది. కాదు. ఆ పేరు కర్ణాటకలోని కలబురగి జిల్లా షాహాబాదు పట్టణం నుంచి వచ్చింది.

నల్లరేగడి నేలలో ఇల్లు కట్టడం తేలిక కాదు. ఆ మట్టి వానకు తడిసి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నిలబెట్టిన గోడ కూడా దానితోపాటే లేచి దిగి పగుళ్లు తీస్తుంది. అందుకే పాత మేస్త్రీలు రేగడిని తవ్వేసి, కింద గట్టి మొరం తగిలేదాకా పోయి, అక్కడి నుంచి రాయి పేర్చుకుంటూ వచ్చేవారు.

వేడిని ఆలస్యం చేసే గోడ

పునాది పైన గోడ. చాలా పాత ఇళ్లలో అది మట్టిగోడే. ఎర్రమన్నులో తరిగిన గడ్డి కలిపి, నీళ్లు పోసి, కాళ్లతో బాగా తొక్కి, కొన్నాళ్లు నాననిచ్చేవారు. ఆ ముద్దలతో మూరెడు ఎత్తు గోడ పెట్టి ఆపేవారు. అది ఆరి గట్టిపడ్డాకే పై వరుస. తొందరపడితే కింది వరుస పై బరువుకు పక్కకు ఉబ్బిపోతుంది. గోడ మందం ఒకటిన్నర అడుగులు, అంటే దాదాపు 45 సెంటీమీటర్లు. కొన్ని ఇళ్లలో ఇంకా ఎక్కువ.

ఇంత మందం బలం కోసమేనా? కాదు. గోడకు బయటివైపు ఎండ తగిలినప్పుడు వేడి ఒక అలలాగా నెమ్మదిగా లోపలికి ప్రయాణిస్తుంది. మట్టిలో ఈ అల వేగం గంటకు సుమారు 3 సెంటీమీటర్లు. నత్త నడక కంటే నెమ్మది! 45 సెంటీమీటర్ల గోడను దాటడానికి దానికి సుమారు 15 గంటలు పడుతుంది. లెక్క వేయండి. మధ్యాహ్నం 2 గంటలకు బయట తగిలిన వేడి లోపలివైపుకు చేరేది మర్నాడు తెల్లవారుజామున 5 గంటలకు. అప్పటికి బయట చల్లటి గాలి వీస్తూ ఉంటుంది. తలుపులు తెరిస్తే సరి.

పైగా ఆ అల దారిలోనే బలహీనపడిపోతుంది. గోడ బయటి ముఖం మీద పగలూ రాత్రీ మధ్య 20 డిగ్రీల హెచ్చుతగ్గు ఉంటే, లోపలి ముఖం మీద ఒక డిగ్రీ కూడా ఉండదు.

ఇప్పుడు తొమ్మిది అంగుళాల ఇటుక గోడను తీసుకోండి. అక్కడ ఆలస్యం 7, 8 గంటలే. మధ్యాహ్నం వేడి సరిగ్గా మీరు పక్క వేసుకునే వేళకు లోపలికి వస్తుంది. ఇక 12 సెంటీమీటర్ల కాంక్రీటు స్లాబైతే మూడు గంటల్లోనే దాటి వస్తుంది. ఆ వేడి బాగా తగ్గేది కూడా లేదు. సాయంత్రం బడి నుంచి రాగానే స్లాబు కింద కూర్చోలేకపోవడానికి కారణం ఇదే.

పాత ఇంటికి ఏటా పండుగకు వేసే వెల్లసున్నం అందం కోసం మాత్రమే కాదు. కొత్తగా వేసిన తెల్లసున్నం తన మీద పడిన వెలుగులో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. అంటే గోడలోకి పోవలసిన వేడిని గుమ్మం బయటే ఆపడం.

ఇంటి నడుమ ఆకాశం

భవంతికి గుండెకాయ నడిమి వాకిలి. చుట్టూ నాలుగు పక్కలా వసారాలు, వాటి వెనుక అర్రలు. కప్పులన్నీ వాకిలి వైపుకు వాలి ఉంటాయి.

రాత్రి మబ్బు లేని ఆకాశం కింద పెంకులు, వాకిట్లోని బండలు తమ వేడిని వికిరణం ద్వారా పైకి పంపి చల్లబడతాయి. వాటికి తగిలిన గాలి కూడా చల్లబడుతుంది. చల్లని గాలికి సాంద్రత ఎక్కువ కాబట్టి అది కిందికి దిగి, గిన్నెలో నీళ్లలా వాకిట్లో నిలిచి, తెరిచిన తలుపుల గుండా అర్రల్లోకి పారుతుంది. తెల్లారి తలుపులు మూసేస్తే ఆ చల్లదనం చాలాసేపు లోపలే ఉంటుంది. మబ్బు పట్టిన రాత్రి ఈ ఉపాయం అంతగా పనిచేయదు. మబ్బులు దుప్పటిలా అడ్డుపడి వేడిని తిప్పి పంపుతాయి.

ఇక ఎండ సంగతి. చేవెళ్ల ఉత్తర అక్షాంశం సుమారు 17.3 డిగ్రీలు. ఏడాదిలో రెండుసార్లు, మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ, మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ వేళకు నిలువు కర్రకు నీడ ఉండదు. ఎండ నిట్టనిలువుగా వాకిట్లోనే పడుతుంది, వసారాలోకి రాదు. డిసెంబరు 22న మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చూరు 2 మీటర్ల ఎత్తున ఉంటే, వాకిలికి ఉత్తరాన ఉన్న వసారాలోకి ఎండ సుమారు 1.7 మీటర్లు చొచ్చుకు వస్తుంది. వేసవిలో రాని ఎండ, చలికాలంలో అడగకుండానే వచ్చి తాత కూర్చునే చోట పడుతుంది. త్రికోణమితి నేర్చుకున్న పెద్ద తరగతులవాళ్లు ఈ లెక్క వేసి చూసుకోండి.

వానాకాలంలో ఇదే వాకిలి నీటి తొట్టి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు నీరు. వాలు కప్పులతో కలిపి 60 చదరపు మీటర్ల మేర వాన వాకిట్లోకి చేరుతుందనుకోండి. 20 మిల్లీమీటర్ల వానకు 1200 లీటర్లు! అందుకే వాకిలిని వసారా కంటే అడుగు లోతుగా కట్టి, ఒక మూలకు వాలు పెట్టి, మోరి గుండా నీటిని బయటికి పంపేవారు.

చెట్టు కొలిచిన గది

పాత ఇళ్లలో అర్రలు పొడుగ్గా ఉన్నా వెడల్పు తక్కువగా ఉంటుంది. ఎందుకో తెలుసా? ఆ వెడల్పును నిర్ణయించింది ఇంటి యజమాని కాదు, చెట్టు. దూలం ఎంత పొడుగు దొరికితే గది అంత వెడల్పు.

పొడుగాటి దూలం దొరికినా చిక్కు ఉంది. ఒక స్కేలును రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టి, నడిమధ్య చిన్న బరువు వేలాడదీయండి. ఎంత వంగిందో కొలవండి. ఇప్పుడు పుస్తకాల మధ్య దూరం రెట్టింపు చేసి అదే బరువు వేలాడదీయండి. వంపు రెట్టింపు కాదు, సుమారు 8 రెట్లు అవుతుంది! ఈ సూత్రాన్ని మన వడ్రంగులు సమీకరణంగా రాసుకోలేదు. కానీ కుంగిన దూలాలను చూసి, తరతరాల అనుభవంతో ఎంతవరకు పోవచ్చో తెలుసుకున్నారు. అంతకు మించి కావాలంటే మధ్యలో మొగరం నిలిపారు. మొగరం అంటే కర్ర స్తంభం.

మొగరం అడుగున చూడండి. రాతి దిమ్మె ఉంటుంది. కర్ర నేలను తాకితే నేలలోని తేమ దానిలోకి ఎక్కుతుంది, చెదలు కూడా దారి చేసుకుంటాయి. మధ్యన జానెడు రాయి పెడితే రెండింటికీ అడ్డుకట్ట. దూలాల మీద దంతెలు, వాటి మీద వాసాలు, ఆపైన పెంకులు. ఇలా కప్పు బరువులో చాలా భాగాన్ని మొగరాలే మోసే ఇళ్లలో, వానకు ఒక గోడ దెబ్బతిన్నా కప్పు వెంటనే కూలదు.

గాలిని తిరిగి తీసుకునే రాయి

గోడ మీది గచ్చును వేలితో తడిమి చూడండి. వందేళ్లయినా అద్దంలా నున్నగా ఉంటుంది. ఇది డంగుసున్నం.

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడు బయటికి పోయి పొడిసున్నం మిగులుతుంది. 100 గ్రాముల స్వచ్ఛమైన రాయిలో 44 గ్రాములు గాలిలో కలిసిపోయి 56 గ్రాములే మిగులుతాయి. దీనిమీద నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి, చెయ్యి కాలేంత వేడి పుట్టి, తడిసున్నం అవుతుంది. (పెద్దవాళ్లు లేకుండా ఇది చేయకండి. కంట్లో పడితే చూపు పోతుంది.) దీన్ని ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో మెత్తగా నూరేవారు. కరక్కాయ నానిన నీళ్లు, బెల్లపు నీళ్లు కలపడం కూడా ఉంది.

గోడకు పూసిన తర్వాత సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లమెల్లగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. బట్టీలో పోగొట్టుకున్న 44 గ్రాములను గాలి నుంచి తిరిగి రాబట్టుకుంటుందన్నమాట. అంటే మేస్త్రీ చేసిన పని రాయిని మెత్తబరిచి, తనకు కావలసిన ఆకారంలో మళ్లీ రాయిగా మార్చడమే.

ఇంటి వయసు ఎలా కట్టాలి?

"ఈ ఇల్లు ఎప్పటిది?" అంటే పెద్దలు "మా ముత్తాత నాటిది" అంటారు. విజ్ఞానశాస్త్ర విద్యార్థి ఆధారాలు వెదకాలి.

పెంకులు చూడండి. సగం గొట్టంలా ఉండే గూనపెంకును ఊరి కుమ్మరి చేశాడు. సారె మీద గొట్టం చేసి, నిలువునా రెండుగా కోసి కాల్చేవాడు. చదునుగా, ఒకదానిలో ఒకటి ఇమిడేలా గాడులున్న బెంగుళూరు పెంకు మాత్రం యంత్రం మీద చేసినది. ఈ రకం పెంకుల కర్మాగారాన్ని బాసెల్ మిషన్‌వారు 1865లో మంగుళూరులో నెలకొల్పారు. పెంకు వెనుక కంపెనీ పేరు అచ్చువేసి ఉంటుంది, తిప్పి చూడండి.

వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు మార్గం 1874లో వచ్చింది. అది తాండూరు, వికారాబాదు, శంకరపల్లి మీదుగా పోతుంది. బండి మీద మోయలేని బరువు రైలెక్కింది. దూరపు బండలు, పెంకులు, ఇనుప దూలాలు మన ఊళ్లకు చేరడం తేలికైంది. ఇదే మొయినాబాదు ప్రాంతంలోని పెద్దమంగళారంలో 1890లో కొండా వెంకట రంగారెడ్డి పుట్టారు. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఆయన పుట్టేనాటికి రైలు వచ్చి 16 ఏళ్లు. ఈ ప్రాంతపు ఇళ్లు ఊరి వస్తువుల నుంచి రైలు వస్తువులకు మారుతున్న కాలం అది.

అయితే జాగ్రత్త! కప్పు మీద బెంగుళూరు పెంకు ఉన్నంత మాత్రాన ఇల్లు 1865 తర్వాతిదని చెప్పలేం. ఇల్లు పాతదై, కప్పు మాత్రం తర్వాత మార్చి ఉండవచ్చు. ఆ పెంకు చెప్పేది కప్పు సంగతే. ఒక్క ఆధారం చాలదు, రెండు మూడు కలిసి ఒకే మాట చెప్పాలి.

కాగితాలు ఉంటే ఇంకా మంచిది. నిజాం కాలపు దస్తావేజుల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. 1330 ఫసలీ అంటే 1920-21. గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, పూర్తయిన రోజులవి.

మాటలు కూడా ఆధారాలే. దూలం, కడప, అర్ర తెలుగు మాటలు. దర్వాజ, కమాను పారశీకం నుంచి వచ్చాయి. అలమార, మేస్త్రీ అనే మాటలు పోర్చుగీసు నుంచి వచ్చాయి. ఒక్క ఇంట్లో ఎన్ని దేశాలు కాపురం ఉన్నాయో చూశారా!

మేలు చేయబోయి చేసే కీడు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మట్టిగోడ అడుగున పెచ్చులు ఊడితే చాలామంది ఏం చేస్తున్నారు? "గట్టిగా ఉంటుంది" అని సిమెంటు పూస్తున్నారు. రెండు మూడు వానాకాలాలకు గోడ మరింత పాడవుతుంది. "పాత ఇల్లు ఇక పనికిరాదు" అని కూలగొడతారు.

తప్పు ఇంటిది కాదు. దీపపు వత్తిలో నూనె పైకి ఎక్కినట్టే, నేలలోని తేమ మట్టిగోడలోని సన్నని రంధ్రాల గుండా పైకి ఎక్కుతుంది. దీన్నే కేశనాళికీయత అంటారు. మట్టి పూత, సున్నపు పూత ఆ తేమను బయటికి పోనిస్తాయి. గోడ తడుస్తుంది, ఆరుతుంది. సిమెంటు పూత దారి మూసేస్తుంది. తేమ లోపలే చిక్కుకుని ఇంకా పైకి ఎక్కుతుంది. దానిలో కరిగి ఉన్న లవణాలు స్ఫటికాలుగా మారుతూ మట్టిని పొడి చేస్తాయి. పైన సిమెంటు గట్టిగానే ఉంటుంది, లోపల గోడ బురద అవుతుంది. చివరికి ఆ పూత మట్టి పెళ్లలతో సహా ఊడిపడుతుంది. మట్టిగోడకు మట్టి పూతే, సున్నపు గోడకు సున్నమే మందు. ముందుగా చూరు నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా చేయాలి.

పాత ఇళ్లన్నీ గొప్పవని, అందరం అందులోకే పోవాలని నేను చెప్పడం లేదు. వాటిలో వెలుతురు తక్కువ. ఏటా మరమ్మతు తప్పదు. చెదలు, ఎలుకల బెడద ఉంది. మరో మాట మరచిపోకూడదు. ఈ భవంతులు ఊళ్లో కొద్దిమందివే. వాటి మట్టి తొక్కినవాళ్లు, బండలు మోసినవాళ్లు చాలామంది గడ్డి గుడిసెల్లో బతికారు. ఆ ఇళ్లలోని తెలివి ఆ పనివాళ్లది కూడా.

ఆ తెలివే ఇప్పుడు మన చేతుల్లోంచి జారిపోతోంది. జంట జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111 నంబరు జీవో 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. 2022లో దాని స్థానంలో మరో ఉత్తర్వు వచ్చింది. నగరం ఈ వైపుకు పెరుగుతూనే ఉంది. ఇల్లు కూలితే దర్వాజను, మొగరాలను కొనుక్కుపోయేవాళ్లు ఉన్నారు. గోడ ఎందుకంత మందమో, చూరు ఎందుకంత కిందికో మాత్రం ఎవరూ కొనుక్కుపోరు. అది ఇంటితోపాటే మట్టిలో కలుస్తుంది.

మీరు చేయగల పని

మీ ఊళ్లో ఒక పాత ఇంటిని ఎంచుకోండి. ఇంటివాళ్ల అనుమతి అడగండి. పగిలిన గోడల దగ్గరికి, కుంగిన కప్పు కిందికి పోవద్దు.

1. టేపుతో గోడ మందం, అర్రల వెడల్పు, చూరు ఎత్తు కొలిచి, గ్రాఫు కాగితం మీద ఇంటి పటం గీయండి. ఉత్తర దిక్కు గుర్తించండి.

2. రెండు థర్మామీటర్లు తీసుకోండి. ఒకటి లోపల, ఒకటి బయట నీడలో ఉంచి, ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకు గంటగంటకు రాయండి. అదే రోజు ఒక స్లాబు ఇంట్లోనూ రాయండి. రెండింటికీ ఒకే గ్రాఫు మీద రేఖలు గీసి పోల్చండి.

3. పునాది, నేల, పెంకు, దూలం ఏ వస్తువో, ఎక్కడి నుంచి వచ్చిందో పట్టిక వేయండి.

4. ఆ ఇంటి పెద్దలను, ఊళ్లోని పాత మేస్త్రీని, వడ్రంగిని కలిసి, ఒక్కో భాగానికి వాళ్లు వాడే పేరు, కట్టిన పద్ధతి రాసుకోండి. వాళ్లు చెప్పిన మాటనే రాయండి, పుస్తకం మాటగా మార్చకండి.

ఆ నోటుపుస్తకం ఒక ప్రతిని మీ బడి గ్రంథాలయంలో ఉంచండి. రేపు మీలో కొందరు ఇంజనీర్లు అవుతారు, కొందరు మేస్త్రీలు అవుతారు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు కట్టుకుంటారు. గోడ ఏ దిక్కుకు ఎంత మందం ఉండాలి, చూరు ఎంత ముందుకు రావాలి, వాన నీరు ఎటు పోవాలి అన్న ప్రశ్నలు అప్పుడు మీ ముందుకు వస్తాయి. జవాబులో సగం ఆ నోటుపుస్తకంలో సిద్ధంగా ఉంటుంది.